సందుగాలి

మిలుంక కారును షెడ్డు ముందు నిలిపి, ఇంజన్ ఆపకుండానే అద్దం దించింది. మెకానిక్ తిహొమిర్ చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చి కిటికీ దగ్గర వంగాడు. వంగి, స్టీరింగు పట్టుకుని కూర్చున్న మనిషిని వదిలేసి, పక్కసీట్లో ఉన్న ఆమె మరిదిని అడిగాడు.

"ఏమయ్యా రాడెంకో, బండి ఎలా నడుస్తోంది?"

అన్న పోయాక రాడెంకో ఆ కారెక్కి కూర్చోవడం అదే మొదటిసారి. మూడు చలికాలాలుగా దాన్ని నడుపుతున్నది మిలుంక. అయినా జవాబు కోసం అతను తడుముకోలేదు.

"నడవడం ఎక్కడ, తాగుతోంది! చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు మర్యాదకి ఒక గ్లాసు తాగి లేస్తారు చూడు, మా అన్న చేతిలో అలా తాగేది. మా వదిన చేతికొచ్చాక సీసా కింద పెట్టడం లేదు."

తిహొమిర్ నవ్వాడు. మిలుంక కూడా అలవాటుకొద్దీ నవ్వబోయి మానేసింది.

"పొగ నల్లగా వస్తోంది తికా అన్నా," అంది తిహొమిర్‌తో. "స్టార్ట్ చేశాక ఎంతసేపటికీ ఇంజన్ అరుపు తగ్గదు. పైగా నా కాళ్ళకి చలి. ఎంతదూరం నడిపినా పాదాలు మొద్దుబారిపోయే ఉంటాయి."

"అది సందుగాలి," అన్నారు మగాళ్ళిద్దరూ ఒకేసారి.

ఆ కొండప్రాంతపు ఊరు నోవా వారోష్‌లో సందుగాలి అంటే తేలిగ్గా తీసుకునే విషయం కాదు. మెడ పట్టేసినా, పన్ను సలిపినా, చెవిపోటు వచ్చినా, ఎక్కడో ఒక తలుపు, దానికెదురుగా ఒక కిటికీ ఒకేసారి తెరిచి ఉన్నట్టే లెక్క. నడివేసవిలో బస్సులో జనం చెమటలో ఉడికిపోనైనా పోతారుగానీ రెండో కిటికీ తెరవనివ్వరు. మిలుంక కాళ్ళ చలికి మొదటి ఏడే అందరూ కలిసి ఆ తీర్పు చెప్పేశారు. తిహొమిర్ తలుపుల అంచుల వెంట కొత్త రబ్బరు అతికించాడు. రాడెంకో బోర్లాపడుకుని పెడల్స్ వెనకున్న సందుల్లో పాత దుప్పటి ముక్కలు కూరాడు. పక్కింటావిడ గొర్రె ఉన్ని మేజోళ్ళు అల్లి ఇచ్చింది. తగ్గింది చలి కాదు, మిలుంక చెప్పుకోవడం.

"ఇదిగో తికా, ఉన్న మాట చెబుతున్నా," అన్నాడు రాడెంకో కారు దిగుతూ. "శుక్రవారం దీనికి పొగ పరీక్ష. నెగ్గితే సరే. లేకపోతే వదిన తాళాలు నాకిచ్చేస్తుంది, విడిభాగాల కింద అమ్మేద్దాం. ఒప్పుకుంది కూడా. ముప్పై ఏళ్ళు బస్సు నడిపినవాణ్ణి, నాకు తెలీదా? ఈవిడ క్లచ్ మీద కాలు తియ్యదు. బండి పాడవక ఏమవుతుంది?"

ఒప్పుకున్న మాట నిజమే. ఆదివారం భోజనాల దగ్గర అందరూ తలో మాటా అంటుంటే మిలుంక తల ఊపింది. ఊపాక ఇంటికెళ్ళి రాత్రంతా ఆ తలనే తిట్టుకుంది.

తిహొమిర్ ఆమెకి పరాయివాడు కాడు. ఆమె భర్త వుకాషిన్‌కి పెళ్ళిలో సాక్షిగా నిలబడినవాడు, అంటే ఆ ఇంటికి తోడబుట్టినవాడి కంటే ఒక పిసరు ఎక్కువే. మంచివాడు. కాకపోతే ఆడవాళ్ళు కారు గురించి చెప్పేది రేడియోలో వాతావరణ సూచన విన్నట్టు వింటాడు. వినపడుతుంది, అంతే.

బానెట్ ఎత్తి ప్లగ్గు ఒకటి విప్పాడు. మసి పట్టిన దీపపు చిమ్నీలా ఉంది. స్టీరింగు కిందున్న సాకెట్‌కి స్కానర్ తగిలించి, కళ్ళద్దాలు నుదుటి మీంచి దించుకున్నాడు.

"అదిగో దొరికాడు దొంగ. ఇంజన్లో నీళ్ళు ఎంత వేడెక్కాయో చెప్పే సెన్సర్ ఇది. నలభై ఎనిమిది అంటోంది. అరగంటగా ఇంజన్ తిరుగుతోంది, నలభై ఎనిమిదేంటి నా తలకాయ! తొంభై ఉండాలి. ఇది అబద్ధం చెబుతోంది. ఇంజన్ ఇంకా చల్లగా ఉందనుకుని కంప్యూటరు పెట్రోలు గుమ్మరిస్తోంది."

"శరత్కాలంలో కూడా అదే కదా మార్చావు?" అంది మిలుంక.

"అప్పుడు వేసింది నాసిరకం. ఈసారి మంచిది వేస్తా."

వేశాడు. వేస్తూ నాలుక కొస పళ్ళ మధ్య బిగించి, ఇరుకులో వేళ్ళు దూర్చి, కళ్ళు మూసుకుని మర తిప్పాడు. చూపు ఆననిచోట అతను వేళ్ళతోనే చూస్తాడు. ఆ పనితనం మిలుంకకి ఎప్పుడూ ముచ్చటే.

*

మర్నాడు మిలుంక కొండమీది ఊరికి తెరలు కట్టడానికి వెళ్ళింది. ఆమె కిటికీ తెరలు కుడుతుంది. కుట్టుమిషన్ను వెనకసీట్లో పెట్టి, జారిపోకుండా సీటు బెల్టు పెడుతుంది. మలుపుల దగ్గర అద్దంలో దాన్ని చూసి, "గట్టిగా పట్టుకో," అని చెప్పడం కూడా అలవాటైంది.

ఆ ఇంట్లో నాలుగు కిటికీలకీ కొలత చూసి, అంచు మడిచి, కుట్టి, కుర్చీ ఎక్కి తగిలించింది. తెర చివర గచ్చుకి తగలకూడదు, గచ్చు నుంచి ఎత్తుగానూ ఉండకూడదు. అరచేయి అడ్డంగా పెట్టి చూసుకుంటుంది. ఇంటావిడ జున్ను పొరల రొట్టె పెట్టి, మిలుంక మేజోళ్ళు చూసి, పొయ్యి మీద కాచిన ఇటుకని గుడ్డలో చుట్టి కాళ్ళ కింద పెట్టింది.

"కారులో వచ్చినదానివి, కాళ్ళు ఇలా మంచుగడ్డలైపోయాయేంటే?"

"సందుగాలి అంటున్నారు," అంది మిలుంక.

తిరుగుదారిలో హీటర్ మీటని ఎర్రగీత చివరిదాకా జరిపింది. నేలమాళిగలోంచి వచ్చినట్టు చల్లగాలి వచ్చింది. వేడి చూపించే ముల్లు ఎప్పటిలాగే అడుగున పడుకుని ఉంది. ఆ ముల్లు చచ్చిపోయిందని రాడెంకో ఏనాడో తేల్చేశాడు. కొత్త సెన్సర్ వేసి ఒక రోజు కాలేదు, వెనక మంచు మీద నల్లపొగ నీడ పడుతోంది.

రోడ్డుకి రెండువైపులా దేవదారు కొమ్మలు మంచు బరువుకి వంగి ఉన్నాయి. ఈ మలుపుల్లోనే వుకాషిన్ ఎడమ మోచేయి కిటికీ మీద ఆనించి, కుడిచేత్తో స్టీరింగుని పిండి కలిపినట్టు నింపాదిగా తిప్పేవాడు. ఆమె ఒళ్ళో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది. ఉల్లి నారు, కోడిపిల్లల పెట్టె, సముద్రానికి వెళ్ళిన ఆ వేసవిలో పుచ్చకాయ. ఇంట్లో ఉన్నంతసేపూ ఆయన పేపరు వెనక ఉండేవాడు. కారెక్కితేనే మాట్లాడేవాడు. అందుకే ఆయన లేని లోటు ఆమెకి పడగ్గదిలో కంటే ఈ సీట్లోనే ఎక్కువ తెలిసేది. ఆయన పోయిన ఏడాది పట్టుబట్టి యాభై అయిదో ఏట డ్రైవింగ్ నేర్చుకున్నది కూడా అందుకే, తెరల కోసం అని అందరికీ చెప్పినా.

కారు పోతే కొండమీది ఊళ్ళు పోతాయి. ఊళ్ళో మిగతా వితంతువుల్లాగా తనూ తెర వెనక కూర్చుని, వీధిలో ఎవరి కారు ఎటు వెళ్ళిందో చూస్తూ గడపాలి. తెరలు కట్టే మనిషికి తెర వెనక కూర్చోవడం అంటే చచ్చేంత భయం.

*

బుధవారం ఆమె వెళ్ళేసరికి రాడెంకో షెడ్డులో పొయ్యి పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పాతసామాన్లవాడితో మాట్లాడి వచ్చాడట.

"శనివారం పొద్దున్నే ట్రక్కు వస్తానన్నాడు వదినా. నాలుగు టైర్లూ బాగున్నాయి, మంచి ధరే ఇస్తాడు."

"శుక్రవారం ఇంకా రాలేదు," అంది మిలుంక.

తిహొమిర్ మొహం వేలాడేసుకుని ఉన్నాడు. స్కానర్ పెడితే మళ్ళీ నలభై తొమ్మిది చూపించింది. తీగలు చూశాడు, బాగానే ఉన్నాయి. కొత్త సెన్సర్ని విప్పి, తన టీ గ్లాసులో పొయ్యి మీది వేడినీళ్ళు పోసి, అందులో ముంచాడు. పక్కనే జ్వరం చూసేలాంటి పొడుగు గాజు థర్మామీటరు పెట్టి, సెన్సర్ కాళ్ళకి మీటరు ముళ్ళు ఆనించాడు. నీళ్ళు చల్లారుతుంటే అంకె మారుతూ వచ్చింది. కాసిని వేడినీళ్ళు పోశాడు. మళ్ళీ సరిగ్గా మారింది. శరత్కాలంలో పీకేసిన పాత సెన్సర్ని డబ్బాలోంచి ఏరి అదీ ముంచాడు. అదీ తప్పు చెప్పలేదు.

"ఇక్కడ గ్లాసులో పతివ్రతలా ఉంది," అన్నాడు తల గోక్కుంటూ. "బండిలో పెట్టగానే కల్లలాడుతోంది. ఇంక కంప్యూటరే పోయుండాలి. అది మార్చడమంటే కారు కొన్నంత పని."

"చెప్పానా!" అన్నాడు రాడెంకో.

మిలుంక టీ గ్లాసులో మునిగి ఉన్న ఆ చిన్న ఇత్తడి ముక్కని చూస్తూ నిలబడింది. ఎందుకో దాని మీద జాలేసింది. ఉన్నమాట చెప్పినందుకు అలాంటివి రెండు పీకి పారేశారు.

"తికా అన్నా, అది అబద్ధం చెప్పడం లేదేమో?"

"చెప్పకపోతే ఏంటి చెల్లెమ్మా, అరగంట తిరిగిన ఇంజన్..."

"ఇంజన్ చల్లగానే ఉందేమో. అది అదే అంటోంది. ముల్లు కూడా అదే అంటోంది. నా కాళ్ళు మూడేళ్ళుగా అదే అంటున్నాయి. హీటరుకి వేడి వచ్చేది ఆ నీళ్ళలోంచే కదా?"

రాడెంకో నవ్వాడు. తిహొమిర్ నవ్వలేదు. గుడ్డతో తుడుచుకుంటున్న చేతులు ఆగిపోయాయి. అతను మిలుంక మొహం వైపు చూశాడు. ఆ వారంలో చూడటం అదే మొదటిసారి.

షెడ్డు తలుపులు తెరిచి, ఇంజన్ పూర్తిగా చల్లబడేదాకా కారును మంచులో వదిలేశాడు. ఆ తర్వాత స్టార్ట్ చేసి, రేడియేటర్‌కి వెళ్ళే పై గొట్టం మీద అరచేయి వేసి ఉంచాడు. ఆమె చేయి కూడా తీసుకుని అక్కడే పెట్టాడు.

"తెలుస్తోందా? అప్పుడే గోరువెచ్చనైంది. ఇలా అవకూడదు. ఇంజన్ బాగా వేడెక్కేదాకా నీళ్ళు ఇటు రాకుండా లోపల ఒక తలుపు ఉండాలి. థర్మోస్టాట్. వేడెక్కాకే అది తెరుచుకోవాలి. ఇది పుట్టినప్పట్నుంచీ తెరిచే ఉన్నట్టుంది."

నాలుగు బోల్టులు విప్పి మూత తీశాడు. టార్చి వేసి, లోపల వేలు దూర్చి తడిమాడు.

"తెరిచి ఉండటం కాదు," అన్నాడు. "అసలు తలుపే లేదు. ఎవరో తీసేశారు."

రాడెంకో లేచి వచ్చి చూశాడు. "ఎవరి చేత విప్పించావు వదినా? దారిన పోయే ప్రతివాడికీ బండి అప్పగిస్తే ఇంతే. మా అన్న బతికుండగా ఒక మర అయినా పరాయివాడు తిప్పాడా?"

తిహొమిర్ సొరుగులోంచి కొత్త థర్మోస్టాట్ తీసి బల్ల మీద పెట్టాడు. గుండ్రటి రేకు, మధ్యలో ఇత్తడి బొడిపె, చుట్టూ స్ప్రింగు. మిలుంక దాని మీదకి తల వంచింది. అది సిగ్గు అనుకున్నాడు రాడెంకో. కాదు. అలాంటిది ఆమె ఇంట్లో, ముందుగదిలో, అద్దాల బీరువాలో, సముద్రపు గవ్వల మధ్య ఉంది.

"ఇది ఇప్పుడు వెయ్యకు అన్నా," అంది. "సాయంత్రం కాఫీకి ఇంటికి రా."

*

తిహొమిర్ బూట్లు గుమ్మంలో విప్పి వచ్చి వంటింట్లో కూర్చున్నాడు. మిలుంక కాఫీ పెట్టలేదు. గీతల జేబురుమాలు ఒకటి బల్ల మీద పెట్టి విప్పింది, లోపల పాత థర్మోస్టాట్. రుమాలు మీద తుప్పు మరక చక్రంలా అచ్చుపడి ఉంది.

"వుకాషిన్ రుమాలు," అన్నాడు తిహొమిర్.

"ఆ వేసవి సముద్రానికి వెళ్తూ మొరాచా లోయ దాటుతున్నాం. ముందు లారీల బారు, నత్తనడక. బానెట్ కింద నుంచి బుస్సుమని ఆవిరి. ఈయన దిగి, ఊట నీళ్ళు పోసి చల్లార్చి, అదీ ఇదీ తిప్పి దీన్ని పీకాడు. చెయ్యి కాల్చుకున్నాడు కూడా. రుమాల్లో చుట్టి నా ఒళ్ళో పడేశాడు. 'వేసవిలో దీంతో పనిలేదు, చలి మొదలవ్వగానే పెడతా, దాచు' అన్నాడు. నేను దాచాను. అదేంటో అడగలేదు. సముద్రం చూసొచ్చాక గవ్వలతో పాటు బీరువాలో పెట్టాను."

ఆ ఏడు మొదటి మంచు పడకముందే వుకాషిన్ పోయాడు. ఆ సంగతి తిహొమిర్‌కి చెప్పక్కర్లేదు, శవపేటిక ముందువైపు మోసినవాళ్ళలో అతనొకడు.

కాఫీ కాచే పొడుగు పిడి గిన్నెలో నీళ్ళు పోసి, థర్మోస్టాట్‌కి దారం కట్టి అందులో వేలాడదీశాడు తిహొమిర్. ఇద్దరూ పొయ్యి ముందు, పాలు పొంగుతాయేమోనని కాపలా కాసినట్టు నిలబడ్డారు. నీళ్ళు తెర్లే ముందు, గుండ్రటి రేకు నెమ్మదిగా, కొంచెం బద్ధకంగా పైకి లేచింది. గిన్నె దించితే మళ్ళీ మూసుకుంది.

"బంగారంలా ఉంది," అన్నాడు. "దీంట్లో ఏ తప్పూ లేదు. మరి ఆ రోజు ఎందుకు మరిగినట్టు?"

"ఫ్యాన్ తిరగలేదు," అంది మిలుంక. "అంతకుముందు ఎక్కడ ఆగినా ముందువైపు గుయ్యిమనేది. ఆ రోజు చప్పుడు లేదు. ఫ్యాన్ మోగట్లేదు వుకాషిన్ అని చెప్పాను."

"ఏమన్నాడు?"

"నువ్వు పుచ్చకాయ పట్టుకో, అన్నాడు."

తిహొమిర్ ఆమె వైపు చూశాడు. ఆమె పెదవులు అదిరాయి. ముందు నవ్వింది ఎవరో తెలియదుగానీ, ఇద్దరూ కళ్ళ నీళ్ళు తిరిగేదాకా నవ్వారు. నవ్వు ఆగాక ఆమెకి కోపం వచ్చింది. చచ్చిపోయిన మొగుడి మీద వచ్చే కోపం చాలా అన్యాయమైనది, తిట్టడానికి ఎదురుగా మనిషి ఉండడు. అప్పుడు వెళ్ళి కాఫీ పెట్టింది.

*

గురువారం కొత్తది వేస్తానని తిహొమిర్ ఎంత చెప్పినా మిలుంక వినలేదు.

"ఆయన పెడతానన్నది దీన్ని. దీన్నే పెట్టాలి."

"అయితే నువ్వే పెట్టు."

కొత్త రబ్బరు వాషరు మాత్రం అతను వేశాడు. ఆమె చేతి తొడుగులు తీసేసి, వుకాషిన్ తీసినదాన్ని స్ప్రింగు లోపలివైపుకి ఉండేలా కూర్చోబెట్టి, మూత పెట్టి, నాలుగు బోల్టులూ తనే బిగించింది. అతను నీళ్ళు నింపాడు. ఇంజన్ తిప్పుతుంటే, చచ్చిందన్న ముల్లు కదిలింది. నిద్రలేచి, ఒళ్ళు విరుచుకుని, మధ్యకి వచ్చింది. ఇంజన్ అరుపు తగ్గి, మెల్లగా గొణగడం మొదలుపెట్టింది. స్కానర్ మీద తొంభై. ఆ తర్వాత తొంభై అయిదు, వంద దాటింది. ఫ్యాన్ మాత్రం కిక్కురుమనలేదు.

తిహొమిర్ రేడియేటర్ పక్కన చెయ్యి పెట్టి ఒక నల్లటి స్విచ్చు నుంచి తీగలు లాగి, రెండూ ఒకదానికొకటి తాకించాడు. ఫ్యాన్ గుయ్యిమంది. వదిలాడు, ఆగింది.

"నీళ్ళు మరీ వేడెక్కితే ఫ్యాన్‌ని లేపే స్విచ్చు ఇది. ఇదే చచ్చింది." దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తూ అన్నాడు. "చెల్లెమ్మా, ఆ రోజు కూడా నువ్వు చెప్పిందే నిజం. ఆ రోజే వినుంటే ఆయన ఆ తలుపు పీకేవాడే కాదు."

"ఆయన సంగతి సరే. నువ్వెందుకు వినలేదు?"

తిహొమిర్ రేడియేటర్ వైపు తిరిగాడు. కొత్త స్విచ్చు బిగించాడు. బిగించాక స్టీరింగు కింద దూరి, పెడల్స్ వెనక రాడెంకో కూరిన దుప్పటి ముక్కలన్నీ ఒక్కొక్కటే పీకి బయట పడేశాడు. అదే అతని జవాబు.

చచ్చిన స్విచ్చుని మిలుంక అడిగి తీసుకుంది.

శుక్రవారం పొద్దున పరీక్షకి ఒక్కతే వెళ్ళింది. ఊరు దాటుతుండగా పాదాల మీదకి ఏదో మెత్తగా వచ్చి వాలింది. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కారు పక్కకి తీసి ఆపి, బూట్లు విప్పి, ఉన్ని మేజోళ్ళు కూడా విప్పి, వట్టి పాదాలు ఆ వెచ్చదనంలో పెట్టుకుంది. అప్పుడు ఏడుపు వచ్చింది. మూడు చలికాలాలు తన కాళ్ళని కొరికిన చలి ఆయన చేయకుండా వదిలేసిన పని. ఒక రకంగా అది ఆయనే. ఆ చలితో పాటు ఆయన కూడా ఈ పూట కారు దిగి వెళ్ళిపోయినట్టనిపించింది. కళ్ళు తుడుచుకుని, బూట్లు తొడుక్కుని, బయల్దేరింది. పొగ పరీక్షలో కుర్రాడు గొట్టం తీసి, అంకెలు చూసి, "ఇంత పాత బండికి ఇంత శుభ్రమైన పొగేంటమ్మా!" అని ముద్ర కొట్టాడు.

*

ఆదివారం ఇంటి పండుగ, ఆ వంశాన్ని కాచే పునీతుడి రోజు. వుకాషిన్ పెద్దకొడుకు కాబట్టి, ఆయన పోయినా పండుగ ఇక్కడే. బల్ల మధ్యలో పొడుగు కొవ్వొత్తి, తీపి గోధుమలు, అల్లికల రొట్టె, క్యాబేజీ ఆకుల్లో చుట్టి ఉడికించిన మాంసం. రాడెంకో అందరి కంటే ముందొచ్చి, పళ్ళతో కాచిన సారా, రాకియా, అందరి కంటే ఎక్కువ తాగాడు.

"చూశారా," అన్నాడు గ్లాసెత్తి. "పొగ పరీక్ష నెగ్గింది! ఎవరి బండి? మా అన్న చేతి బండి. ఆయన చూసుకున్న తీరు అలాంటిది. ఎవరెంత పాడుచేసినా తట్టుకుంది."

తిహొమిర్ ఫోర్కు కింద పెట్టి నోరు తెరవబోయాడు. మిలుంక చెయ్యెత్తి ఆపింది. బీరువా దగ్గరకి వెళ్ళి, గవ్వల మధ్య నుంచి నల్లటి స్విచ్చు తెచ్చి రాడెంకో పళ్ళెం పక్కన పెట్టింది.

"ఇదేం గవ్వ వదినా?"

ఆమె చెప్పింది. ఆవిరి, రుమాలు, పుచ్చకాయ, ఏదీ దాచలేదు. గొంతు పెంచలేదు, ఆయన్ని తక్కువ చెయ్యలేదు. ఆయన చెయ్యి కాలినచోట తను ఊట నీళ్ళు పోసిన సంగతి కూడా చెప్పింది. "పుచ్చకాయ ఏమైంది?" అని ఎవరో అడిగారు. "ఆ రాత్రి సముద్రపు ఒడ్డున కోశాం, చాలా తియ్యగా ఉంది," అంది.

రాడెంకో ఆ స్విచ్చుని అటూ ఇటూ తిప్పి చూసి, గ్లాసు పక్కకి జరిపాడు.

చీకటి పడుతుండగా చుట్టాలు లేచారు. రాడెంకో తన కారు తాళాల కోసం జేబులు వెతుక్కుంటుంటే మిలుంక కోటు వేసుకుని వచ్చింది.

"ఆ తూలే అడుగులతో నువ్వెక్కడ నడుపుతావు? ఎక్కు, దింపొస్తా."

తిహొమిర్ వాకిట్లోకి వచ్చి కిటికీ దగ్గర వంగాడు. పక్కసీటు వైపు చూడలేదు.

"బండి ఎలా నడుస్తోంది చెల్లెమ్మా?"

"బాగా నడుస్తోంది అన్నా."

మంచు పడుతోంది. రాడెంకో ముడుచుకుని కూర్చున్నాడు. ఎగువ వీధి మలుపు తిరిగేసరికి అతని మోకాళ్ళు సడలాయి. ఇంకో మలుపు దాటాక కాళ్ళు చాపుకున్నాడు. వంగి, తలుపు అంచు వెంట చేత్తో తడిమి చూశాడు. పెడల్స్ వైపు చూశాడు. తను కూరిన దుప్పటి ముక్కలు లేవు.

"వదినా," అన్నాడు, బయటికే చూస్తూ. "సందుగాలి లేదే."

మిలుంక గేరు మార్చి, క్లచ్ మీద నుంచి కాలు తీసింది.

"ఎప్పుడూ లేదు, రాడెంకో."